కరెంటు అచ్చేదాంక

సిరిసిల్లల సాంచ, అంటే కరెంటు మగ్గం, నడిపేటోనికి రెండు భాషలు అస్తయి. కరెంటు ఉన్నప్పుడు చేతులతోటి మాట్లాడుతడు, కరెంటు పోతే నోటితోటి. సాంచాలు అందుకున్నయంటే పక్కన నిలవడ్డోడు మొత్తుకున్నా ఇనరాదు. అందుకే ఎవడు మొదలువెట్టిండో ఏమో గని, కార్ఖానలల్ల ఒక చేతి భాష పుట్టింది. మూడు వేళ్లు నోటికాడికి పోతే చాయ. చూపుడు వేలు మెలేస్తే పోగు తెగింది. అరచెయ్యి నిలవెట్టి వేళ్లు దగ్గరికి జేస్తే ఆగు. సేటు అస్తున్నడనేటందుకు గూడ ఒక సైగ ఉన్నది గని, అది ఇక్కడ చెప్పుడు మంచిగుండది.

రాజం ఈ చేతి భాషల గట్టోడు, నోటి భాషల కచ్చోడు. వయసుల ఉన్నప్పుడు వెల్గటూర్ దిక్కు నుంచి కూలికచ్చిండు. నూలు చుట్టిన కండెల గంపలు మోసుకుంటనే పని వట్టుకున్నడు, ఇప్పుడు నాలుగు సాంచాలు ఒక్కడే చూస్కుంటడు. కరెంటు పోయిందంటే అందరు గుంపు జేరి లోకం మీది ముచ్చట్లన్ని వెడ్తరు. ఈయన మాత్రం గోడకు ఒరిగి, నోట్లె నాలికె ఉన్నదా లేదా అన్నట్టు కూసుంటడు. ఇంట్ల గూడ గంతే. పెండ్లాం మల్లక్క బీడీలు చుట్టుకుంట పది మాటలంటే ఈయన ఒక మాటంటడు, ఆ ఒక్కటి గూడ "ఊఁ" అని.

ఆయన పనిచేసే కార్ఖాన ఒకప్పుడు రైసు మిల్లు. రేకుల కప్పు, మస్తు ఎత్తు. మధ్యల బట్టకు గిరాకి పడిపోయినప్పుడు సేటు సగం సాంచాలను తుక్కు కింద అమ్ముకున్నడు. గోడల పొంటి కొన్ని మిగిలినయి, నడుమ జాగంత ఉత్తగనే ఉన్నది. తలుపు మీద ఒక బుగ్గ, కరెంటు బల్బు, ఉంటది. దాని సుచ్చి ఎన్నడూ బందు వెట్టరు. కరెంటు అచ్చింది లేంది ఎట్ల తెల్వాలె మరి? ఏ కార్ఖానకు పోయినా గిట్లాంటి బుగ్గ ఒకటి ఉంటది, దాని సుచ్చి మీద చెయ్యేసినోడు తిట్లు తింటడు.

ఆ ఏడు సకల జనులు సమ్మెకు దిగిండ్రు. బస్సులు ఆగినయి, బళ్లు, కాలేజీలు ఆగినయి, ఆఫీసులకు తాళాలు వడ్డయి. బొగ్గుబాయిలోల్లు గూడ దిగంగనే కరెంటు గూడ సమ్మెకు దిగినట్టే అయింది. ఎప్పుడస్తదో తెల్వదు, అచ్చినంక ఎంతసేపుంటదో అసలే తెల్వదు. తెలంగాణ రావాలెనని అందరు రోడ్ల మీద గట్టిగ అన్నరు. కరెంటు గూడ అస్తే బాగుండునని సాంచల కాడ మెల్లగ అనుకున్నరు. మీటరు లెక్కన కూలి దొరికేటోళ్లకు రెండూ కావాలె. రాజం తోటి సాంచోడు మల్లయ్యనయితే పొద్దుగాల ధర్నాల కూసుండి జై తెలంగాణ అని గొంతు పోగొట్టుకునుడు, మాపటికి కార్ఖానల కూసుండి బుగ్గను బూతులు తిట్టుడు. గా రెంటిల తప్పేం లేదు.

గట్లాంటి దినాలల్ల రాజం బిడ్డ శ్రావణి జగిత్యాల నుంచి ఇంటికచ్చింది. చేతుల బట్టల సంచి కంటె పెద్ద అట్టడబ్బ ఉన్నది. ఎవ్వల్ని ముట్టనియ్యలేదు. ఆటోల ఒళ్లె వెట్టుకొని, గాలి తగలకుంట మీదికెల్లి చున్నీ కప్పుకొని అచ్చిందట.

శ్రావణి జగిత్యాలల డిగ్రీ ఆఖరు ఏడు. కాలేజీల చంద్రమౌళి సారు ఫిజిక్సు చెప్తడు, పిల్లలకు విమానాలు చేసుడు గూడ నేర్పిస్తడు. విమానాలంటే రోడ్డు మీద అమ్మే బొమ్మలు కావు. ఇంట్లనే ఎగిరే విమానాలు. ఇంజిను ఉండది, రిమోటు ఉండది. కడుపుల ఒక రబ్బరు ఉంటది, దాన్ని మెలి తిప్పి ఇడిసిపెడ్తే ముందటి పంక తిరుగుతది. ఒకసారి చెయ్యి ఇడిసినంక ఇగ ఎవ్వలకు ఏం చెయ్యరాదు. అది ఎటు పోతే అటు. ఎక్కువసేపు గాలిల ఉన్నది గెలిచినట్టు.

మొదాలు డబ్బ తెరిసిననాడు రాజం వంగి చూసిండు. బాసింగాలకు వాడే బెండును చీరి చేసిన బొంది, వెదురు పుల్లను వెంట్రుకంత సన్నగ గీకి చేసిన రెక్కలు, వాటి మీద తువ్వాలల ప్యాకింగుకు అచ్చే పల్సటి కవరు. ఊపిరి తగిల్తెనే వణుకుతున్నది.

"ముట్టుకోవాల్నా?" అని అడిగిండు.

"వద్దు బాపూ."

"ఊఁ" అన్నడు, రెండడుగులు ఎనుకకు జరిగిండు. ఆ దినం సంది రాజం ఇంట్ల గట్టిగ తుమ్మినోడు కాదు. మల్లక్కకు కోపమచ్చింది. "నేను పిలిస్తె తలకాయ లేపడు, గా పురుగు కోసం మూతికి తువ్వాల అడ్డం వెట్టుకుంటడు" అన్నది. కోపమైతే అచ్చింది గని, తను గూడ కట్టెల పొయ్యి వాకిట్లకు మార్చింది.

సంగతేందంటే, బెంగుళూరుల పెద్ద పోటీ ఉన్నది. కాలేజీ తరుపున ఒక్కలే పోవాలె. ఆ ఒక్కలు శ్రావణినా, శశాంకా అన్న కాడ ఆగింది. శశాంక్ కోరుట్ల నర్సింగ్ రావు కొడుకు, ఒకప్పటి దొరల ఇల్లు. పోరడు మంచోడే, దొరతనం లేదు. కాకపోతె వాని విమానానికి కట్టె హైదరాబాద్ నుంచి అచ్చింది. శ్రావణిది దానికన్న కొద్దిగ తేలిక. శశాంకుకు చదువు అయిపోయినా ఎగిరేస్తడు, వాళ్లకు పెద్ద పెద్ద హాళ్లున్నయి. శ్రావణికి గట్ల కాదు. అచ్చే ఏడు కాలేజీ ఉండది, కాలేజీ లేకపోతె హాలు లేదు, సారు లేడు, విమానం లేదు. "కప్పు కనవడనంత ఎత్తు హాలు ఉంటదట బాపూ, అండ్ల ఒక్కసారి ఇడిసిపెట్టాలె" అన్నది. అది పుట్టి బుద్ధెరిగినకాన్నించి ఏదీ గంత గట్టిగ అడగలేదు. రాజం ఆ మాట మర్చిపోలేదు.

ఇద్దరికి పోటీ వెట్టి సారు తేల్చాలె. కాలేజీకి తాళం వడ్డది. అయితె కోరుట్లల మా ఫంక్షన్ హాలు ఉన్నది గదా అన్నడు శశాంక్. అందరు ఆడికి పోయిండ్రు. పోయేవరకు హాలు ముందట వంటావార్పు. రోడ్డు మీద పెద్ద పెద్ద గిన్నెలు, పొయ్యిలు, పాటలు, డప్పులు. హాల్లె కూరగాయలు కోసేటోళ్లు. తలుపులన్ని బార్లా. పొగ లోపటికచ్చి ఒక సుట్టు తిరిగి మల్ల బయటికి పోవట్టింది. శ్రావణి డబ్బ మూత గూడ తియ్యలేదట. మంచిగ తినచ్చిండ్రు, గంతే.

ఇగ పోటీకి పేరు పంపే గడువు దగ్గరవడ్డది. గప్పుడు రాజం, నోట్లె నాలికె లేని రాజం, సేటు ఇంటికి పోయి నిలవడ్డడు.

"కరెంటు లేనప్పుడు కార్ఖాన ఉత్తగనే ఉంటది గద సేటూ. ఒక్క పొద్దు మా బిడ్డకు కావాలె."

సేటుకు మొదాలు అర్థం కాలేదు. అయినంక నవ్విండు. "కరెంటు అచ్చేదాంక నీ ఇష్టం. అచ్చినంక నా సాంచాలు తిరగాలె" అన్నడు.

"కరెంటు అచ్చేదాంకనే" అని రాజం మాటిచ్చిండు. కార్ఖానకచ్చి తోటోళ్లకు గూడ గదే చెప్పిండు. మల్లయ్య తొడ సరిచిండు. "మన సాంచల నడుమ ఇమానమా! పెట్టన్నా, పెట్టు. నేను గూడ చూస్త" అన్నడు. కండెలు చుట్టే లీల, మొగడు మంచంల వడి ఇల్లంత ఆమె రెక్కల మీదనే నడుస్తున్నది, గామె గూడ "మా పోరగాండ్లను తోల్కరావచ్చునా?" అని అడిగింది.

పోటీ అనుకున్ననాడు పొద్దు వొడవకముందే రాజం, మల్లయ్య కలిసి నడుమ జాగ ఊడ్చిండ్రు. నీళ్లు సల్లి దుమ్ము అణిచిండ్రు. ఫ్యాన్ల సుచ్చులన్ని బందు వెట్టిండ్రు. కిటికీలకు, రేకుల సందులకు పాత గోనెసంచులు కుక్కిండ్రు. తలుపు మీది బుగ్గను మాత్రం ఎవ్వలు ముట్టలేదు. అది ముట్టాలెనని ఎవ్వలికి తోచనే లేదు.

సల్లటి పూట ఎగిరేయాలెనని శ్రావణి మొత్తుకున్నది. ఏం లాభం? కోరుట్ల నుంచి బయిలెల్లిన శశాంక్ జగిత్యాలల సారును ఎక్కిచ్చుకొని, ఇద్దరు ఒక్క కార్ల అచ్చిండ్రు. కారు ముందట గులాబి జెండా కట్టుకున్నరు గని, రాస్తారోకో కాడ జెండా ఉన్నోన్ని ఇంకా ఎక్కువసేపు కూసోవెట్టుకున్నరట, మనోడే గదా అని. వాళ్లు దిగేవరకు ఎండ రేకుల మీదికెక్కింది.

"నమస్తే అంకుల్" అన్నడు శశాంక్. రాజం నాలిక మీదికి దొర అనే మాట అచ్చింది. మింగి, "రా బాబు" అన్నడు.

తలుపు మూసిండ్రు. సాంచోళ్లు, లీల, ఆమె పిల్లలు గోడల పొంటి కూసున్నరు. చంద్రమౌళి సారు చేతులు జోడించి చెప్పిండు. "ఎవ్వరు లేవద్దు, నడువద్దు. మీరు విసురుకున్నా అది పడిపోతది. బీడీ అసలే వద్దు."

"తుమ్మచ్చునా సారూ?" అన్నడు మల్లయ్య.

"దగ్గద్దు, తుమ్మద్దు, నవ్వద్దు."

"ఊపిరి?"

"అది మీ ఇష్టం" అన్నడు సారు. అందరు నవ్విండ్రు. సారు ఇంకో మాట గూడ చెప్పిండు. మొదాలు శశాంక్, ఎనుక శ్రావణి. శ్రావణి విమానం శశాంక్ టైము దాటిందంటే తను చెయ్యి లేపుతడు. చెయ్యి లేసిందంటే శ్రావణి బెంగుళూరు పోయినట్టు.

శశాంక్ విమానం ఎగురుతుంటె కార్ఖానల చీమ చిటుక్కుమనలేదు. చేతిల నుంచి ఇడిసిండంటే ఇడిసినట్టే అనిపియ్యలేదు, అదే వాని చెయ్యిని ఇడిసిపెట్టి పోయినట్టున్నది. సప్పుడు లేదు. ముందటి పంక తిరుగుతుంటె రెక్కలు రెండూ కండ్లకు కనవడుతున్నయి, గంత మెల్లగ. మనిషి నడుస్తున్నట్టు సుట్టు తిరుక్కుంట, పైకి పోయింది. కప్పు కింది ఇనుప కడ్డీలను ముట్టీ ముట్టనట్టు తిరిగింది. చాలసేపటికి తాపకొక జానెడు దిగుకుంట, లీల కాళ్ల ముందట భూమి మీద ఆనింది. లీల చిన్నపిల్ల చప్పట్లు కొట్టబోతె తల్లి చేతులు వట్టుకున్నది.

సారు గడియారం చూసి తల ఊపిండు. "బాగ అచ్చింది శశాంక్" అన్నడు. శశాంక్ ముఖం వెలిగింది. మంచిగ ఎగిరింది, పాడుగాను, అనుకున్నడు రాజం. అనుకొని సిగ్గువడ్డడు.

శ్రావణి లేసింది. లేసి విమానం ముట్టలేదు, ఊకె నిలవడి గాలిని చూస్తున్నది. సాంచల కార్ఖానల గాలి కనవడుతది. ఎన్ని ఊడ్చినా బట్ట నూగు గాలిల తేలుతనే ఉంటది. రేకు చిల్లుల నుంచి ఎండ పడ్డ కాడ ఆ నూగు మెరుస్తది. పొద్దు పొడిసే దిక్కు గోడ కాడ నూగు మెల్లగ పైకి పోతున్నది. అటు దిక్కు రేకులు కాలినయి మరి. పడమటి గోడ కాడ నూగు కిందికి దిగుతున్నది. నడుమ అటూ ఇటూ కాకుంట నిలవడ్డది. శశాంక్ ఎగిరేసినప్పుడు గిట్ల లేదు, అప్పటికి ఇంకా నిమ్మళంగనే ఉండె. ఇప్పుడు గాలి మొత్తం ఒక దిక్కు లేస్తూ, ఇంకో దిక్కు పడుతూ తిరుగుతున్నది.

"మొదలువెడ్దామా శ్రావణి?" అన్నడు సారు.

"జర ఆగుండ్రి సారూ."

రబ్బరు నిండ తిప్పింది. తిప్పినంక మల్ల కొన్ని చుట్లు ఎనుకకు ఇప్పింది. మల్లయ్య రాజం చెవుల గుసగుసలాడిండు. "గదేందన్నా, కట్టినకాడికి ఇప్పుతున్నది?" రాజానికి తెల్వదు. కని ఆయన ఇంట్ల ఇన్నడు, బలం ఎక్కువైతె కప్పుకు తాకుతదని. వేడి గాలి ఎట్లాగు లేపుతది, ఇంక బలం దేనికి? గదే అయి ఉంటదనుకున్నడు.

శ్రావణి పడమటి దిక్కు జరిగి, ఒక మోకాలు మీద కూసుండి, చెయ్యి చాపి, వేళ్లు తెరిసింది.

మొదటి సుట్టుల రాజం పాణం పోయినంత పనైంది. పడమటి గోడ కాడ పడే గాలిల వడి విమానం కిందికి జారింది. ఇగ అయిపోయిందనుకున్నడు. అది జారుకుంటనే సుట్టు తిరిగి పొద్దు దిక్కు పోయింది. ఆడ లేసే గాలి దాన్ని పట్టుకున్నది. పైకి, ఇంకా పైకి. కడ్డీల కింద జానెడు దూరంల ఆగి, ఆన్నే తిరుగవట్టింది. ఒక దిక్కు కొద్దిగ లేసుడు, ఒక దిక్కు కొద్దిగ దిగుడు. శ్రావణి గాలిని మోసం చెయ్యలేదు, గాలికే అప్పజెప్పింది. సారు నోరు తెరిసి చూస్తున్నడు. శశాంక్ గూడ తన విమానాన్ని మర్చిపోయిండు. "అబ్బ, ఏం తిరుగుతున్నది" అన్నడు మెల్లగ, మనసార.

ఎంతసేపు తిరిగిందో. లీల చిన్నపిల్ల నిద్రవోయింది. మల్లయ్య బీడీ కట్ట చేతిల పట్టుకొని, ముట్టియ్యకుండనే ఒకదాన్ని నలిపి పొడి జేసిండు. విమానం మెల్లగ దిగుడు షురువైంది. రాజం ఇగ విమానాన్ని చూస్తలేడు, సారు కుడిచెయ్యిని చూస్తున్నడు. సారు ఒకసారి గడియారం చూసిండు, మల్ల చూసిండు. దగ్గరికచ్చినట్టున్నది. విమానం ఇంకా ఇద్దరు మనుషుల ఎత్తుల ఉన్నది. గా లెక్కన చూస్తే తప్పకుంట గెలుస్తది.

గప్పుడు తలుపు మీద బుగ్గ వెలిగింది.

బయట గల్లీల పక్క కార్ఖాన అందుకున్నది. దాని ఎనుక ఇంకోటి. ఊరంత సాంచల సప్పుడు లేసింది. ఈ కార్ఖానల మాత్రం ఎవ్వలు కదలలేదు. సాంచోళ్లందరు బుగ్గను చూసిండ్రు, రాజాన్ని చూసిండ్రు. మల్లయ్య అరచెయ్యి నిలవెట్టి, వేళ్లు దగ్గరికి జేసి, అందరికి కనవడేటట్టు తిప్పిండు. ఆగు. అందరు తల ఊపిండ్రు. ఆగుతమన్నరు.

నిన్న కరెంటు అచ్చి, ఒక చాయ తాగేంతలనే పోయింది. మొన్న అసలే రాలేదు. ఇయ్యాల గూడ ఎంతసేపుంటదో ఎవ్వల చేతుల లేదు. దసర పండుగ పోయి గూడ కొందరి ఇండ్లల్ల ఉప్పు, పప్పు అరువు మీదనే నడుస్తున్నది. ఎవ్వలన్న ఒక్కలు గొణిగినా రాజానికి మంచిగుండు. ఏందన్నా గిది, కడుపులు మాడుతున్నయి అని ఒక్కలంటే, ఉండుండ్రి, జరసేపు అని బతిమాలుకునేటోడు. ఎవ్వలు అనలేదు. లీల కండెల మిషిను ముందట కూసుండి, పోగు కొస చేతిల పట్టుకొని, తలకాయ ఎత్తి, విమానం దిక్కు చూసుకుంట నవ్వుతున్నది. ఇంట్ల మంచంల మొగడున్నడు. ఆమె నవ్వుతున్నది.

రాజం బిడ్డ దిక్కు చూసిండు. శ్రావణి వీపు కనవడుతున్నది. బుగ్గ వెలిగిన సంగతి దానికి ఎరుకే. సాంచోని బిడ్డకు ఎట్ల తెల్వదు? కని అది ఎనుకకు తిరిగి చూడలేదు. ఆగుమని అడగలేదు, నడుపుమని గూడ అనలేదు. తిరిగి చూసుంటె రాజం చెయ్యి సుచ్చి మీదికి లేవకపోవు. ఉన్న మాట చెప్పాలంటే, రాజానికి ఏడుపచ్చింది.

వీళ్లు నేను షురూ చెయ్యంది చెయ్యరు. గా ఒక్కటే అర్థమైంది ఆయనకు.

లేసిండు. మొదటి సాంచ సుచ్చేసి పిడి గుంజిండు. రెండోది. మూడోది. నాలుగోది. మల్లయ్య ఆయన దిక్కు పిచ్చోన్ని చూసినట్టు చూసిండు. ఒక్క గడియ ఆగి, తన సాంచ దిక్కు నడిసిండు. ఎనుక అందరు లేసిండ్రు. ఆ పెద్ద కార్ఖాన ఒక్కసారిగ దడదడలాడింది. నూగు మొత్తం లేసి, కలెగలిసి, ఎటు పోతున్నదో తెల్వకుంట పోయింది. రాజం తలకాయ ఎత్తలేదు. పోగు మోసే నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కొడుతుంటె దాన్నే చూసుకుంట నిలవడ్డడు. ఎంతసేపు చూసిండో. మల్లయ్య అచ్చి భుజం తట్టి, వేలు పైకి చూపెట్టేదాంక చూసిండు.

విమానం కప్పు కడ్డీకి, పాత నూగు జూలుల చిక్కి, ఒక రెక్క చిరిగి వేలాడుతున్నది. తాకినకాడికే టైము లెక్క. సారు కుడిచెయ్యి కిందనే ఉన్నది.

బయటికి పోయి, గల్లీల నిలవడి మాట్లాడుకున్నరు. "సారూ, గిది పోటీ కాదు. ఇంకోనాడు మల్ల వెడ్దాం" అన్నడు శశాంక్. మనసుల నుంచే అన్నడు. సారు గూడ కాదనకపోవు. అయితె పేరు ఆ మాపటికే పంపాలె. శ్రావణికి ఇంకో విమానం లేదు.

"కరెంటు అచ్చేదాంకనే గద సారూ అనుకున్నం" అన్నది శ్రావణి. శశాంక్ చెయ్యి పట్టుకొని ఊపింది. "గాలి కిందికి దిగే గోడ దిక్కు ఎప్పుడు ఇడువకు, నీది నాదానికన్న మెత్తది" అని చెప్పింది. రాజం దిక్కు మాత్రం చూడలేదు. డబ్బ చంకల వెట్టుకొని ఇంటికి పోయింది. ఉత్త డబ్బ.

మాపటికి కరెంటు పోయినంక మల్లయ్య రాజం మీద పడ్డడు. "మనిషివేనా నువ్వు? సొంత బిడ్డనే! మేం ఆగుతున్నమంటిమి గదనే! ఎవడన్న నిన్ను ఒక్క మాటన్నడా?"

"అనలే."

"మరి? జరసేపు ఆగితె ఏం పోతుండె?"

"మీరు ఆగుతున్నరనే షురూ చేసిన" అన్నడు రాజం.

మల్లయ్య బీడీ ముట్టించి ఇంకోటి రాజం చేతిల వెట్టిండు.

ఇంట్ల మల్లక్క కంచం సప్పుడయ్యేటట్టు పెట్టింది. "నీ సాంచాలు నెత్తిన వెట్టుకొని ఊరేగు" అన్నది. శ్రావణి తిట్టలేదు, ఏడ్వలేదు, అలగలేదు. అడిగినకాడికి సమాధానం చెప్తది, గంతే. నేను సుచ్చేసినంక దానికేం గాయె అని రాజం అడుగుదామనుకుంటడు, నోరు రాదు. మల్లయ్య నిచ్చెనేసి విమానం దించుతనన్నడు. వద్దు, ఉండనియ్యుండ్రి అని కబురంపింది. అది ఆన్నే ఉన్నది. సాంచాలు తిరుగుతుంటె వణుకుతది, కరెంటు పోతే ఊకుంటది. దాని కిందనే రాజం పని.

సమ్మె ఆగింది. బస్సులు తిరిగినయి. తెలంగాణ అప్పుడు రాలేదు, కరెంటు మాత్రం అచ్చింది. శశాంక్ బెంగుళూరు పోయచ్చిండు, నడిమి జాగల ఎక్కడనో నిలవడ్డడట.

కాలేజీకి మల్ల బయిలెల్లే ముందు శ్రావణి ఒక పగటీలి కార్ఖానకచ్చింది. మల్లక్క బీడీలు అప్పజెప్ప పోయింది, సద్ది తెచ్చేటోళ్లు లేరు. సాంచాలన్ని జోరుమీదున్నయి. సద్ది డబ్బ గూట్లె వెట్టి, పోతదనుకుంటె పోలేదు. తలకాయ ఎత్తి కడ్డీ దిక్కు చూసింది. ఎనుక రాజం దిక్కు తిరిగి, చేతితోటి అడిగింది. అది చిక్కేదాంక నువ్వు చూసినవా?

రాజం తలకాయ అడ్డంగ ఊపిండు. చూడలేదు. నాడెను చూపెట్టిండు. దాన్నే చూసిన.

శ్రావణి ఆయననే చూసింది. ఆ సంగతి దానికి ఇప్పటిదాంక తెల్వదు. ఊరంత చూసింది, వాళ్ల బాపు ఒక్కడే చూడలేదు.

రాజం చేతులతోటి ఇంకోటడిగిండు. నేను ఆగితె? వేలు పైకి తిప్పి, సారు చెయ్యి లేపినట్టు కుడిచెయ్యి లేపి చూపెట్టిండు. గెలుస్తుండెనా?

శ్రావణి ఆలోచించింది. చిన్నప్పటి సంది ఈ చేతి భాషల అది ఎన్నడూ అబద్ధం ఆడలేదు. అవునని తల ఊపింది.

రాజం గూడ తల ఊపిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, తుడుచుకోలేదు.

శ్రావణి దగ్గరికచ్చింది. అరచెయ్యిని విమానం చేసింది. ఇద్దరు మనుషుల ఎత్తుల ఉన్నది, ఇగో, ఇక్కడ. నువ్వు సుచ్చేసినవ్. చెయ్యి దభీమని జారింది. జారి, రాజం నాలుగు సాంచల దిక్కు అచ్చింది. ఆడ ఆగింది. నీ సాంచల మీది గాలే దాన్ని లేపింది, బాపూ. చెయ్యి లేసింది. మొదటి సాంచ మీద కొద్దిగ, రెండోదాని మీద ఇంకొద్దిగ, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క మెట్టు ఎక్కినట్టు. సుట్టు తిరిగి మల్ల అచ్చింది, మల్ల లేసింది.

మూడో సాంచల పోగు తెగింది. రాజం చూడలేదు. బిడ్డ చెయ్యి ఇంకో దిక్కు తిరుగుతున్నది, సాంచ అడ్డమస్తున్నది, సక్కగ కనవడ్తలేదు. చెయ్యి చాపి మూడోది బందు వెట్టిండు. నాలుగోది బందు వెట్టిండు. ఎనుకకు జరిగి మొదటిది, రెండోది గూడ బందు వెట్టిండు. పట్టపగలు, కరెంటు ఉండంగ.

అటు దిక్కు నుంచి మల్లయ్య చూసి, పరేషానై చూపుడు వేలు మెలేసిండు. ఏందన్నా, పోగు తెగిందా?

రాజం అరచెయ్యి నిలవెట్టి, వేళ్లు దగ్గరికి జేసిండు. ఆగు.

ఇటు తిరిగి బిడ్డకు చేతితోటే చెప్పిండు, మొదటి నుంచి చూపెట్టుమని. శ్రావణి పడమటి గోడ కాడికి పోయి, ఒక మోకాలు మీద కూసుండి, చెయ్యి చాపింది.